సున్నం మాగకముందే అయిపోయే ట్రైనింగ్

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న మా పర్లాకిమిడిలో పాత కట్టడాల మాట ఎత్తితే చాలు, "ఫండ్స్ రావాలండీ" అంటారు. వచ్చాయనే అనుకుందాం. పని చేసేదెవరు?

మా ఊరి రాజుల గజపతి ప్యాలెస్‌కు ప్లాన్ గీసింది మద్రాసు సెనేట్ హౌస్ కట్టిన రాబర్ట్ చిషోమ్ అని గొప్పగా చెప్పుకుంటాం. గోడలు లేపిన మేస్త్రీల ఊసే రాదు. ఇప్పుడు వాళ్ల పనితనం కూడా పోతోంది.

సున్నపు గోడ తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే ఆ తేమకు దారి ఉండదు. ఉప్పు లోపలే పేరుకుని ఇటుక పొరలుగా రాలుతుంది. మా వీధిలో ఓ పాత మిద్దెకు ఇదే గతి పట్టింది. కాంట్రాక్టర్‌ని తిట్టి లాభం లేదు, ఆయన మేస్త్రీలకు వచ్చింది సిమెంటే. గానుగలో రుబ్బి వాడే డంగు సున్నం తెలిసినవాళ్లు ముసలివాళ్లయ్యారు. వాళ్ల కొడుకులు కేరళలో, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కడుతున్నారు.

దీనికి మనవాళ్ల మందు ట్రైనింగ్ ప్రోగ్రామ్. వారం రోజులు, ప్రొజెక్టర్, భోజనం, సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో! అసలు సున్నమే నీళ్లలో వారాల తరబడి మాగాలి. తర్వాత ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో రుబ్బాలి. బెల్లం, కరక్కాయ నీళ్లు ఎంత పడతాయో చేత్తో చూస్తేనే తెలుస్తుంది. పూత పలచగా వరసలు వరసలుగా వేసి, తొందరగా ఆరిపోకుండా తడుపుతుండాలి. ఇదంతా పరంజా మీద నెలలపాటు నిలబడితే వచ్చే విద్య.

అన్ని నెలలు రోజుకూలీ వదులుకుని ఎవడొస్తాడు? కూలీ లేకుండా రమ్మనకూడదు కూడా. ఒక పెద్ద మేస్త్రి, ఆయన కింద ఊరి కుర్రాళ్లు, వాళ్లందరికీ కూలీ అని టెండర్‌లోనే రాయాలి.

ఢిల్లీలో హుమాయూన్ సమాధి పైకప్పు నుంచి ఆగాఖాన్ ట్రస్టు 10 లక్షల కిలోల కాంక్రీటు తీయించింది. రంగు పలకల (గ్లేజ్డ్ టైల్స్) పని మన దేశంలో మరుగున పడితే, ఉజ్బెకిస్తాన్ పనివాళ్లను రప్పించి పక్కనే ఉన్న నిజాముద్దీన్ బస్తీ కుర్రాళ్లకు నేర్పించారు. అంత డబ్బు మనకెక్కడిది అంటారా? మనకు ఉజ్బెకిస్తాన్ అక్కర్లేదుగా, నేర్పేవాళ్లు ఇంకా ఊళ్లోనే ఉన్నారు.

మేస్త్రి తెలుగు, కుర్రాళ్లు ఒడియా, ఎలా కుదురుతుందని ఒకాయన అడిగారు. రెండు భాషలూ వినబడే పర్లాకిమిడిలో ఉండి ఆ డౌటేమిటో!

బయటి టీమ్ వస్తే పని బాగానే ఉంటుంది, కాదనను. వాళ్లు వెళ్లాక వెల్ల వేయాలి, పగుళ్లు పూడ్చాలి, మిద్దెమీద మొలిచిన రావిమొక్కను వేరుతో సహా పీకాలి. ఊళ్లో తెలిసినవాడు లేకపోతే మళ్లీ దిగేది సిమెంటు బస్తాయే.

ప్యాలెస్‌తోనే మొదలుపెట్టక్కర్లేదు, ఓ పాత సత్రం చాలు. ఫండ్స్ కోసం అర్జీ రాసే పెద్దలు కుర్రాళ్ల కూలీ పద్దు కూడా అందులో చేర్చండి.