ట్యాంకు మారితే మందు మారుతుంది

బయోసిమిలర్లకు, అంటే జీవకణాల్లో తయారయ్యే ప్రొటీన్ మందులను పోలి వేరే కంపెనీలు చేసే మందులకు, రోగులపై పెద్ద ట్రయల్స్ అక్కర్లేదన్న వాదన ఇప్పుడు ప్రభుత్వ విధానంగా మారుతోంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 అక్టోబరులో ఆ మేరకు ముసాయిదా విడుదల చేసింది. 2016 నాటి మార్గదర్శకాలను తిరగరాసే పనిలో పడ్డ మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ కూడా అదే దారి పట్టింది. ధరలు దిగుతాయి, మందులు త్వరగా వస్తాయి అని సమర్థకులు అంటున్నారు. క్యాన్సర్ ఇంజెక్షన్ల కోసం పొలం అమ్ముకునే కుటుంబాలున్న చోట ఆ మాటను కొట్టిపారేయలేం. కానీ ట్రయల్ తీసేశాక ఆధారంగా మిగిలేది ల్యాబ్ పరీక్షలు, ఫ్యాక్టరీ రికార్డులే. వాటిని ప్రజల ముందు పెట్టాలన్న ఊసు ఎవరూ ఎత్తడం లేదు. ఈ మినహాయింపు ఒకసారి మొదలైతే ఆనవాయితీ అవుతుంది. మా ఆందోళన అదే.

ప్రొటీన్ మందు పారాసిటమాల్ లాంటిది కాదు. అమైనో ఆమ్లాల పొడవాటి గొలుసు ఒక పద్ధతిలో మడత పడితేనే అది పనిచేస్తుంది. మందును తయారుచేసే కణాలను పెంచే వేల లీటర్ల ట్యాంకు, అంటే బయోరియాక్టర్‌లో గిలక్కొట్టినప్పుడు, గాలి బుడగలు తగిలినప్పుడు, వైరస్‌లను చంపడానికి ఆమ్లంలో ఉంచినప్పుడు, గడ్డకట్టించి కరిగించినప్పుడు, ఎక్కడైనా ఆ మడత విప్పుకోవచ్చు. విప్పుకున్న అణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కడతాయి. నీళ్లలా తేటగా ఉండాల్సిన రెగ్యులర్ ఇన్సులిన్ తెల్లగా మసకబారితే వాడొద్దని నర్సులు చెబుతారు. సీసాను వెలుతురుకు పట్టి చూస్తే అది తెలుస్తుంది. కంటికి ఆనని ముద్దలను రోగి ఎలా పసిగట్టాలి?

1998లో యూరప్‌లో అమ్మే ఎప్రెక్స్ అనే ఎరిత్రోపొయిటిన్ (ఎర్ర రక్తకణాలను పుట్టించే హార్మోన్) మందు నుంచి, దాన్ని నిలకడగా ఉంచే మానవ అల్బుమిన్ అనే రక్త ప్రొటీన్‌ను తీసేసి, బదులుగా పాలిసార్బేట్ 80 అనే రసాయనం కలిపారు. అసలు అణువును ముట్టుకోలేదు. ఆ తర్వాతి ఏళ్లలో కిడ్నీ రోగుల్లో ప్యూర్ రెడ్ సెల్ అప్లేసియా అనే తీవ్ర రక్తహీనత కేసులు ఒక్కసారిగా పెరిగాయి. మందుతో పాటు తమ ఒంట్లో సహజంగా తయారయ్యే ఎరిత్రోపొయిటిన్‌పైనా వాళ్ల శరీరం యాంటీబాడీలు పుట్టించింది. ఎర్ర రక్తకణాల ఉత్పత్తి ఆగిపోయింది. రక్తం ఎక్కించుకుంటే తప్ప రోజు గడవని స్థితికి వచ్చారు. తప్పు ప్రొటీన్ ముద్దలదా, సిరంజి రబ్బరు నుంచి ఊరిన రసాయనాలదా అని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి తర్జనభర్జన పడ్డారు. 2002లో కిడ్నీ రోగులకు ఎప్రెక్స్‌ను చర్మం కింద ఇవ్వడం ఆపించారు, తర్వాత రబ్బరుకు టెఫ్లాన్ పూత వేశారు. సొంత మందులో ఒక్క పదార్థం మార్చినందుకే ఇంత జరిగింది. మరి అణువు నుంచి సిరంజి దాకా అన్నీ కొత్తగా చేసే బయోసిమిలర్‌ను కంపెనీ మాట మీద నమ్మాలా?

కండరాలను బలహీనపరిచే అరుదైన జన్యు జబ్బు పాంపే వ్యాధికి వాడే మయోజైమ్‌ది మరో పాఠం. 160 లీటర్ల ట్యాంకులో చేసిన మందును దాని తయారీ కంపెనీ జెన్‌జైమ్ 2,000 లీటర్లకు పెంచితే, ప్రొటీన్‌కు అంటుకున్న చక్కెర గొలుసులు తేడాగా ఉన్నాయని, దీన్ని వేరే మందుగా చూడాల్సిందేనని 2008లో ఎఫ్‌డీఏ తేల్చింది. 4,000 లీటర్ల ట్యాంకులో చేసింది 2010లో లుమిజైమ్ అనే వేరే పేరుతో, వేరే అనుమతితో వచ్చింది. కంపెనీ అదే, మందు అదే. ట్యాంకు మాత్రమే మారింది.

వివరాలు బయటపెడితే వ్యాపార రహస్యాలు పోతాయని కంపెనీలు అంటాయి. మరి కొవిడ్ టీకా కొర్బెవాక్స్ సంగతేమిటి? టెక్సాస్ శాస్త్రవేత్తలు కొవిడ్ ప్రొటీన్ ముక్కలో ఇతర అణువులతో అతుక్కుపోయే సిస్టీన్ అనే ఒక అమైనో ఆమ్లాన్ని మార్చేశారు. ఈస్ట్‌లో పెద్ద ఎత్తున పండించినా ముద్ద కట్టకుండా చేయడమే వాళ్ల ఉద్దేశం. ఏం మార్చారో, ఎందుకు మార్చారో జర్నళ్లలో అచ్చువేశారు, పేటెంట్ కూడా పెట్టుకోలేదు. హైదరాబాద్‌లోని బయోలాజికల్ ఇ ఆ టీకాను కోట్ల డోసుల్లో తయారుచేసింది. నిలకడను అణువులోనే అల్లుకుని, ఆ లెక్క లోకానికి చూపించిన పని ఇది. మన ఊళ్లోనే జరిగింది.

యూరప్‌లో ఒక బయోసిమిలర్‌కు అనుమతి వస్తే దాని మదింపు నివేదికను అక్కడి ఔషధ సంస్థ ఈఎంఏ ప్రచురిస్తుంది. అక్కడ అమ్ముకునే భారత కంపెనీలు ఆ పద్ధతికి తలొగ్గుతూనే ఉన్నాయి. ఇక్కడి రోగికి, ఇక్కడి డాక్టర్‌కు మాత్రం నిపుణుల కమిటీ మినిట్స్‌లో నాలుగు ముక్కలు దక్కుతాయి. బెర్లిన్‌లో చూపించగలిగిన కాగితం బేగంపేటలో ఎందుకు రహస్యమవుతుంది? ఈ ద్వంద్వనీతిని ఇవాళ సహిస్తే రేపు ప్రతి కొత్త ప్రొటీన్‌కూ ఇదే నమూనా అవుతుంది. ఇన్సులిన్‌తో మొదలై క్యాన్సర్‌కు వాడే యాంటీబాడీ మందుల దాకా పాకుతుంది.

అమ్మకానికి వెళ్లే మందును ఏ ట్యాంకులో చేస్తారో ఆ ట్యాంకు బ్యాచ్‌ల స్థిరత్వ ఫలితాలు, ముద్దల శాతం, తయారీలో చేసిన ప్రతి మార్పు అనుమతి పత్రంతో పాటే వెబ్‌సైట్‌లో ఉండాలి. చిన్న ట్యాంకు ఫలితాలు చూపించి పెద్ద ట్యాంకు మందుకు ముద్ర వేయించుకునే వీలు ఉండకూడదు. జీనోమ్ వ్యాలీ శంకుస్థాపనలకు పరుగెత్తే మంత్రులు ఈ మాట ఢిల్లీలో ఒక్కసారైనా ఎత్తాలి. కొత్త నిబంధనల్లో ఈ ఒక్క షరతు రాసే ధైర్యం లేకపోతే, ట్రయల్స్ వద్దని చెప్పే అర్హత సీడీఎస్‌సీఓకు లేదు.