భద్రంగా బీరువాలో

మా ఊరి ప్రాథమిక పాఠశాలలో పూర్తి భద్రతతో బతుకుతున్న ప్రాణి ఒక్కటే ఉంది. బీరువా వెనకాల బల్లి. పిల్లలు 42 మంది, సార్ ఒక్కరు, వంటామె ఒకరు, భోజనంలో గుడ్డు పెట్టే రోజున తప్పకుండా హాజరయ్యే కోతులు లెక్కలేనన్ని. వీళ్లలో ఎవరికీ ఆ బల్లికున్న నిశ్చింత లేదు. 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లుండాలని విద్యాహక్కు చట్టం చెబుతుంది. ఇద్దరూ ఉన్నారు. రెండో సార్ డిప్యుటేషన్ మీద వేరే బడిలో ఉన్నాడు, పేరు మాత్రం మా బడిలోనే ఉంది.

దేవరకొండ రోడ్డు మీద బస్సు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి నడిస్తే మా ఊరు. పల్లెటూరి బడి కదా, పిల్లల భద్రత ఎవరికి పట్టిందని తేలిగ్గా మాట్లాడే పట్నం వాళ్లకు సమాధానంగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మా బడిలో భద్రతకు కావలసిన వస్తువులన్నీ ఉన్నాయి. బీరువాలో ఉన్నాయి. బీరువాకు తాళం ఉంది.

మొన్న వానలప్పుడు రెండో తరగతి పిల్లగాడు ప్రహరీ గోడ సందులోంచి దూకి మోకాలు కొట్టుకున్నాడు. (ఆ సందు ప్రహరీ కట్టిన వారంలోనే పడింది. మేకలకు దారి కావాలి కదా.) ప్రథమ చికిత్స పెట్టె బీరువాలో ఉంది. తాళంచెవి సార్ జేబులో ఉంది. సార్ మండలంలో మీటింగులో ఉన్నారు. మోకాలు మాత్రం బడిలో ఉంది. వంటామె పొయ్యి మీది పప్పు దించి, గాయం కడిగి, పసుపు అద్ది, చీర కొంగు చింపి కట్టింది. "ఏం గాదు కొడుకా, పెండ్లి నాటికి మానుతది" అంది. వాడు ఏడుపు ఆపి, ఎవరితో పెండ్లి అని అడిగాడు. ఆమె గౌరవ వేతనం నెలకు 3000 రూపాయలు, అదీ ఏ నెలది ఏ నెలలో వస్తుందో దేవుడికే తెలియాలి. వైద్య సేవలు అందులో భాగమో కాదో నేను అడగలేదు. అడిగితే మానేయమంటారేమోనని భయం.

సాయంత్రం సార్‌ను అడిగాను, ఆ పెట్టె బయట పెడితే ఏమవుతుందని. ఆయన చెడ్డవాడు కాదు. ఒక్క గదిలో ఐదు తరగతులు చెబుతూ, మధ్యలో ఫోన్‌లో హాజరు, గుడ్ల లెక్క, మొక్కల ఫొటోలు పంపేవాడు చెడ్డగా ఉండటానికి తీరిక ఎక్కడిది? చాలా ఓపికగా వివరించాడు.

"అన్నా, వాడితే అయిపోతది. అయిపోతే ఏడ వోయిందని అడుగుతరు. అట్లనే ఉంటే ఎవ్వరడగరు."

ఆడిట్ గురించి ఇంత స్పష్టంగా చెప్పినవాణ్ని నేను చూడలేదు. అప్పట్నుంచి నాకు బీరువా మీద గౌరవం పెరిగింది. అందులో క్యారమ్ బోర్డులు రెండు, తాడాట తాళ్లు, కవర్ విప్పని బంతులు, బొమ్మల కథల పుస్తకాలు ఉన్నాయి. ఏ పిల్లవాడి చేయీ తగలక కొత్త పెళ్లికూతురులా మెరిసిపోతున్నాయి. బెత్తం మాత్రం బీరువా పైన, చేతికందేలా ఉంటుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అందుకే బెత్తానికి స్టాకు రిజిస్టర్‌లో నంబరు లేదు. నంబరు లేని వస్తువును ప్రభుత్వ బీరువాలో పెట్టకూడదు. నిబంధన అంటే నిబంధనే.

ఆపదలో ఉన్న పిల్లలు ఫోన్ చేయాల్సిన నంబరు 1098 అని గోడ మీద ఎర్ర రంగుతో పెద్దగా రాయించారు. తర్వాత వాన కురిసి ఆ మూల చెమ్మ దిగితే బీరువాను ఇటు జరిపారు. ఇప్పుడు 98 ఒక్కటే కనబడుతుంది. ఒకటో తరగతి వాళ్లకు పదుల స్థానం, ఒకట్ల స్థానం చెప్పడానికి చక్కగా పనికొస్తోందని సార్ అన్నారు.

మధ్యాహ్న భోజనం సంగతీ చెప్పాలి. వడ్డించే ముందు పెద్దవాళ్లు, అందులో ఒక టీచర్, తిని చూడాలని నియమం. దానికో రిజిస్టర్. పోయిన నెల పేజీ చూశాను, ప్రతి తేదీ ఎదుట "రుచిగా ఉన్నది" అని ఉంది. నాలుగు ఆదివారాల ఎదుట కూడా ఉంది.

ఇక నీళ్లు. నల్లగొండ జిల్లా వాళ్లకు నీళ్ల గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. లీటరులో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు ఏమవుతుందో మర్రిగూడ, మునుగోడు పక్క ఏ ముసలామె నడక చూసినా తెలుస్తుంది. నా ముందు పళ్ల మీది గోధుమ రంగు చారలు ఇదే బడి బోరింగు ఇచ్చిన సర్టిఫికెట్. ఇప్పుడు మిషన్ భగీరథ పుణ్యమా అని కృష్ణ నీళ్లు నల్లాలో వస్తున్నాయి. ఒక తరం ఎదురుచూసిన నీళ్లు. పైగా వాటర్ బెల్ కూడా ఉంది. 2019లో కేరళ బళ్లలో మొదలైన పద్ధతి, గంట కొట్టగానే పిల్లలంతా నీళ్లు తాగాలి.

గంట కొడతారు. మగపిల్లలు తాగుతారు. ఆడపిల్లలు సీసా ఎత్తి, పెదాలు తడుపుకొని, మూత పెడతారు. మా మనుమరాలి సీసా పొద్దున ఎంత నిండుగా పోతుందో సాయంత్రం అంత నిండుగా తిరిగొస్తుంది. మొదట నేను దీన్ని నీటి పొదుపు అనుకొని మెచ్చుకున్నాను కూడా.

బడిలో మరుగుదొడ్లు రెండు. ఒకటి శుభ్రంగా ఉంటుంది, ఎందుకంటే తాళం వేసి ఉంటుంది. తనిఖీకి వచ్చే అధికారులకు అది. దాని తాళంచెవి ఎక్కడుందో మీకు చెప్పనక్కర్లేదు.

ఇదంతా ఆలోచించి నేనొక ప్రతిపాదన తయారుచేశాను. పిల్లల్ని హాజరు పట్టీలోంచి తీసేసి స్టాకు రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఒక్కొక్కరికి ఒక నంబరు. మోకాలు చెక్కుకుపోతే "డ్యామేజీ" కాలమ్‌లో రాయాలి, రాసినవాడు సంతకం పెట్టాలి. ఏడాదికోసారి ఆడిట్ వాళ్లు వచ్చి, ఈ పిల్ల పోయినసారి నవ్వుతూ ఉండె, ఇప్పుడు ఎందుకు నవ్వడం లేదని అడగాలి. క్యారమ్ బోర్డుకు జరుగుతున్న మర్యాద పిల్లలకు జరగకూడదా?

ఈ ప్రతిపాదనను పద్ధతిగా ఫిర్యాదుల పెట్టెలో వేద్దామని పోయిన శనివారం బడికి పోయాను. పెట్టె నిండిపోయి కాగితం దిగలేదు. తాళంచెవి పోయిందట. సార్, నేను, వంటామె కలిసి రాయితో తాళం పగలగొట్టాం. చాక్లెట్ కాగితాలు, విరిగిన సుద్దముక్కలు, బల్లి గుడ్లు రెండు. అడుగున నాలుగు మడతలు పెట్టిన నోటుబుక్కు కాగితం ఒకటి. పెన్సిల్ రాత. పైన తేదీ ఉంది, పోయిన ఫిబ్రవరి.

"సార్ బాత్రూంకు గొళ్లెం లేదు. మా అక్క బయట నిలవడ్తది. అక్క ఐదు అయిపోయి వచ్చే యేడు హైస్కూలుకు పోతది."

సార్ రెండుసార్లు చదివారు. వంటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బడి తెరిచి అప్పటికి మూడు నెలలు.

"ముఖ్యమైన కాయితం అన్నా, పోవొద్దు" అని సార్ దాన్ని మళ్లీ అవే మడతల్లో మడిచి, జేబులోంచి తాళంచెవి తీసి, బీరువా తెరిచారు.