ఎప్‌కాట్ క్యాండిల్‌లైట్ ప్రొసెషనల్: డిస్నీ షో కదా అని ఇంటిల్లిపాదినీ లాక్కెళ్లకండి

థాంక్స్‌గివింగ్ దగ్గరపడిందంటే చాలు, అమెరికాలోని మన తెలుగు గ్రూపుల్లో ఈ ప్రశ్న మొదలవుతుంది. "డిసెంబర్ సెలవులకి ఓర్లాండో వెళ్తున్నాం, ఎప్‌కాట్‌లో క్యాండిల్‌లైట్ ప్రొసెషనల్ చూడాలా? డైనింగ్ ప్యాకేజీ (భోజనంతో పాటు షోకి సీటు) తీసుకోవాలా?" జవాబులన్నీ "తప్పకుండా చూడండి", "అస్సలు మిస్సవకండి" రకమే. పిల్లల వయసెంత, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారా, ఇంట్లో పాటంటే ఎవరికి ఇష్టం అని ఎవరూ అడగరు. అవి అడక్కుండా సలహా ఇవ్వడం తప్పని గట్టిగా అంటాను. ఇది చాలా గొప్ప కార్యక్రమం. అందుకే తగని వాళ్లని తీసుకెళ్లి కూర్చోబెట్టకూడదు.

ముందు అసలిదేమిటో తెలుసుకోండి. ఓర్లాండో డిస్నీ వరల్డ్‌లోని ఎప్‌కాట్ పార్కులో జరిగే క్రిస్మస్ సంగీత కార్యక్రమం ఇది. యేసు పుట్టుక కథని బైబిల్ నుంచి ఒక పేరున్న నటుడో నటియో చదువుతారు. ఒక్కో ఘట్టం తర్వాత కోయిర్ (గాయక బృందం) ఒక కీర్తన పాడుతుంది. వెనకాల 50 మంది ఆర్కెస్ట్రా, వందల మంది గాయకులు. మిక్కీ రాడు, శాంటా రాడు, డాన్సులుండవు, స్టేజి మీద సెట్టింగులు మారవు. మొత్తం 40 నిమిషాల పైచిలుకు. 1958లో కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో మొదలైంది. ఫ్లోరిడాలో 1971 నుంచి ఎప్‌కాట్ పక్క పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో జరిగేది, 1994లో ఎప్‌కాట్‌కి మారింది. థాంక్స్‌గివింగ్ వారం నుంచి డిసెంబర్ ఆఖరు దాకా రోజూ సాయంత్రం మూడు షోలు వేస్తారు. సుమారుగా ఐదు దాటాక ఒకటి, ఏడు ప్రాంతంలో ఒకటి, ఎనిమిది దాటాక ఒకటి. టైములు ఏటా అటూ ఇటూ అవుతాయి కాబట్టి ఆ రోజువి డిస్నీ యాప్‌లో చూసుకోండి.

హరికథలో దాసుగారు కథ చెప్తూ, పాడుతూ, ఆడుతూ, మధ్యలో పిట్టకథలతో నవ్విస్తూ జనాన్ని పట్టి ఉంచుతారు. ఇక్కడ కథకుడు నిలబడి కాగితం చూసి చదువుతాడంతే, భారమంతా సంగీతం మీదే. కోరస్ గొంతులు ఒకదానిమీద ఒకటి పేరుకుంటుంటే ఒళ్లు జలదరించే మనిషికి ఈ 40 నిమిషాలు చాలవు. అలా కానివాళ్లకి పదో నిమిషంలోనే చెయ్యి ఫోన్ మీదకి పోతుంది. మీ ఇంట్లో ఎవరు ఏ రకమో మీకు తెలుసు. తెలియకపోతే యూట్యూబ్‌లో పూర్తి రికార్డింగులున్నాయి, ఒక శనివారం సాయంత్రం టీవీలో పెట్టండి. మధ్యలో ఆపకండి, స్నాక్స్ ఇవ్వకండి. పిల్లలు ఎన్నో నిమిషంలో లేచిపోయారో చూడండి. అక్కడ ఎదురుగా వింటే ఇంకాస్త ఎక్కువ కూర్చుంటారు, నిజమే. కానీ ఇంట్లో ఐదు నిమిషాలు కూర్చోలేని పిల్ల అక్కడ నలభై కూర్చోదు.

ఎక్కువమంది వేసుకోని లెక్క ఇంకొకటుంది. షో 40 నిమిషాలే గానీ, అది తినేసేది రెండున్నర మూడు గంటలు. ఎప్‌కాట్‌లో సరస్సు చుట్టూ ఒక్కో దేశానికి ఒక్కో పెవిలియన్ (ఆ దేశం పేరుతో కట్టిన భాగం) ఉంటుంది. థియేటర్ అమెరికాది, అంటే అమెరికన్ అడ్వెంచర్ పెవిలియన్ ఎదురుగా, సరస్సు ఒడ్డున ఉంటుంది. ఎప్‌కాట్ మెయిన్ గేటు నుంచి చూస్తే అది పార్కుకి ఆ చివర. మెక్సికో వైపు నుంచి వెళ్లినా కెనడా వైపు నుంచి వెళ్లినా నడక దాదాపు అంతే. సరస్సు దాటించే ఫ్రెండ్‌షిప్ బోట్లు జర్మనీ, మొరాకో పెవిలియన్ల దగ్గర దించుతాయి, అక్కడి నుంచి కాస్త నడవాలి. ప్యాకేజీ లేకపోతే స్టాండ్‌బై లైనులో (మిగిలిన సీట్ల కోసం నిలబడే లైను) గంట, పేరున్న కథకుడు ఉన్న రోజు గంటన్నర. నటుడు నీల్ పాట్రిక్ హ్యారిస్ లాంటివాళ్ల రోజుల్లో ఇంకా ముందే లైను కడతారు. అంతసేపు లైనులో నిలబడి అలిసిన నాలుగేళ్ల పిల్లాణ్ణి ఆ తర్వాత కదలకుండా కూర్చోమంటే వాడేం చేస్తాడు? వాడు ఏడుస్తాడు, మీరు కసురుతారు, చుట్టూ ఉన్నవాళ్లు చూస్తారు. తప్పు వాడిది కాదు.

అందుకే వయసు విషయంలో నేను మొహమాటపడను. ఐదేళ్ల లోపు పిల్లలుంటే సీటు కోసం లైను కట్టకండి, ప్యాకేజీ అసలు కొనకండి. వాళ్లకోసం ప్రొమెనేడ్ (సరస్సు చుట్టూ ఉన్న నడకదారి) మీద, థియేటర్ వెనక వైపు నిలబడి పదిహేను నిమిషాలు వినండి. స్టేజి దూరంగా కనిపిస్తుంది, సౌండ్ బాగానే వస్తుంది, పిల్లాడు విసిగితే నడిచి వెళ్లిపోవచ్చు. మొదటి పదిహేను నిమిషాలే వాళ్లకి నచ్చేవి కూడా. ట్రంపెట్లు మోగుతాయి, గాయకులు పొడుగాటి అంగీలు వేసుకుని కొవ్వొత్తులు పట్టుకుని బారులుగా వస్తారు, ఆకుపచ్చ అంగీల కోయిర్ మెట్లెక్కి క్రిస్మస్ చెట్టు ఆకారంలో నిలబడుతుంది. ట్రంపెట్ల చప్పుడు హఠాత్తుగా వస్తుంది, నిద్రలో ఉన్న పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. స్ట్రోలర్లు థియేటర్ లోపలికి రానివ్వరు, బయట పెట్టి బిడ్డని ఒళ్లో పెట్టుకోవాలి, అదీ గుర్తుంచుకోండి.

ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్ని బట్టి ఉంటుంది. స్కూల్లో మ్యూజిక్ క్లాసు ఇష్టపడేవాళ్లు, వయొలిన్ నేర్చుకుంటున్నవాళ్లు, కర్ణాటక సంగీతం క్లాసులో గంటసేపు కూర్చునే అలవాటున్నవాళ్లు కూర్చుంటారు. వరస చివర, బయటికి దారి దగ్గర సీటు పట్టండి. హైస్కూల్ కోయిర్‌లో పాడే పిల్లలుంటే మాత్రం ఇక ఆలోచించొద్దు, తీసుకెళ్లండి. అక్కడ పాడేవాళ్లలో బయటి నుంచి వచ్చిన స్కూలు కోయిర్లు చాలా ఉంటాయి, తన వయసువాళ్లు అంత పెద్ద ఆర్కెస్ట్రాతో పాడటం పిల్ల కళ్లారా చూస్తుంది. మీ అమ్మాయి స్కూలు కోయిరే పాడబోతుంటే ఒక విషయం: కార్యక్రమం పార్కు లోపలే కాబట్టి చూడటానికి వెళ్లే మీకు మామూలు ఎప్‌కాట్ టికెట్ ఉండాలి.

ఇక మతం సంగతి. దీన్ని గుసగుసగా అడుగుతారు గానీ సూటిగా చెప్పాల్సిన విషయం. ఇది "హాలిడే" పేరుతో నడిచే సాదా పాటల కచేరీ కాదు. క్రైస్తవ విశ్వాసాన్ని విశ్వాసంగానే చెప్తుంది. స్టేజి మీద వినిపించేది సువార్త పాఠం. దాన్ని గౌరవంగా వినగలిగిన హిందూ, ముస్లిం కుటుంబాలకి ఇబ్బంది ఏమీ ఉండదు, ఎవరూ ఏమీ చెయ్యమని అడగరు. చివర్లో హల్లెలూయా కోరస్ వచ్చినప్పుడు జనం లేచి నిలబడతారు. అది పాత ఆనవాయితీ, లేచినా లేవకపోయినా మీ ఇష్టం. పిల్లలకి ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే షో అయిపోయిందనుకుని బ్యాగులు సర్దుతారు. ఇంట్లో పెద్దవాళ్లకి ఇది నచ్చదని తెలిస్తే వాళ్లని మొహమాటపెట్టి కూర్చోబెట్టొద్దు.

మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లోని అమ్మమ్మలు, తాతయ్యల విషయంలో నా మాట పూర్తిగా వేరు. ఇంగ్లిషు అంతంతమాత్రమైనా వాళ్లకి లూకా, మత్తయి సువార్తల్లోని యేసు పుట్టుక కథ కంఠతా వచ్చు. మరియ, యోసేపు, బేత్లెహేము, పశువుల తొట్టి, గొల్లలు, తూర్పు దేశపు జ్ఞానులు, ఈ వరసంతా వాళ్లకి తెలిసిందే. పాటల్లో చాలా బాణీలు మన చర్చిల్లో తెలుగు మాటలతో పాడుకునేవే. పార్కు మొత్తంలో వాళ్లు మీకన్నా ఎక్కువ ఆనందించేది ఇదొక్కటే కావచ్చు. డైనింగ్ ప్యాకేజీ డబ్బు నిజంగా పనికొచ్చేది ఇలాంటివాళ్లకోసమే, లైనులో గంటన్నర నిలబడే పని తప్పుతుంది. కథ తెలియని పెద్దవాళ్లయితే మధ్యాహ్నం భోజనం దగ్గర ఐదు నిమిషాలు తెలుగులో కథ చెప్పేయండి. బైబిల్ వాక్యాల ఇంగ్లిషు మామూలు మాటల్లా ఉండదు, అప్పటికప్పుడు చెవిలో అనువాదం చెప్తూ కూర్చుంటే పక్కవాళ్లకి ఇబ్బంది.

ఇంట్లో వినికిడి లేనివాళ్లుంటే భయపడి మానెయ్యకండి. షోలో సైన్ లాంగ్వేజ్ చేసేవాళ్లు ఉంటారు, పాటలకి కూడా. వాళ్లు ఏ వైపు నిలబడతారో లోపలికి వెళ్లేటప్పుడే అడిగి ఆ వైపు కూర్చోండి. వీల్‌చెయిర్ ఉందని కూడా అక్కడే చెప్పాలి, దానికి వేరే చోటు చూపిస్తారు.

ప్యాకేజీ గురించి. ఎప్‌కాట్‌లో కొన్ని రెస్టారెంట్లలో ముందే డబ్బు కట్టి భోజనం బుక్ చేసుకుంటే ఒక షోకి సీటు గ్యారంటీ ఇస్తారు. గ్యారంటీ సీటుకే, ముందు వరసకి కాదు. లోపల వచ్చినవాళ్లు వచ్చినట్టు కూర్చుంటారు కాబట్టి మంచి చోటు కావాలంటే ప్యాకేజీ ఉన్నా అరగంట, ముప్పావుగంట ముందుండాలి. మూడేళ్లు నిండిన ప్రతి పిల్లకీ డబ్బు కట్టాలి, పదేళ్లు నిండితే పెద్దవాళ్ల ధరే. అసలు ఖరీదు తెలియాలంటే ఇలా లెక్కేయండి: ఆ రెస్టారెంట్ మెనూ, ధరలు డిస్నీ సైట్‌లో ఉంటాయి. మీ ఇంట్లో వాళ్లు మామూలుగా తినేదానికి ఎంతవుతుందో కూడండి. ప్యాకేజీ ధరలోంచి అది తీసేస్తే మిగిలేదే మీరు సీటుకి కడుతున్న డబ్బు. టాక్సు, టిప్పు అందులో కలిశాయో లేదో చూసుకోండి.

మనవాళ్లకి దెబ్బ తగిలేది ఇక్కడే. ప్యాకేజీలో సాధారణంగా స్టార్టర్, మెయిన్, డెజర్ట్, డ్రింక్ అన్నీ కలిపి ధర వేస్తారు, లేదా బఫే ఉంటుంది. శాకాహారులకి అది నష్టం. లె సెలియే స్టేక్‌హౌస్, అక్కడ బీఫ్‌దే రాజ్యం. బియర్‌గార్టెన్ జర్మన్ బఫే, సాసేజీలూ పోర్కూ ఎక్కువ. గార్డెన్ గ్రిల్‌లో డిస్నీ కార్టూన్ ఉడతలు చిప్, డేల్ బల్లల దగ్గరికి వస్తారు, పిల్లలకి సరదా, శాకాహారం అడిగితే చేసిస్తారు. కానీ అది సరస్సు చుట్టూ ఉన్న దేశాల్లో కాదు, ల్యాండ్ పెవిలియన్‌లో, థియేటర్‌కి చాలా దూరం, తిన్న వెంటనే లేచి నడవాలి. ఏ రెస్టారెంట్లు జాబితాలో ఉంటాయో ఏటా మారుతుంది. పేరు చూసి బుక్ చెయ్యకండి, మెనూ చదివి చెయ్యండి. క్యాన్సిల్ నిబంధన కూడా చదవండి, కథకుడు మారినా మీ తేదీ మారదు. నలుగురిలో ముగ్గురు శాకాహారులైతే, పిల్లలు చిన్నవాళ్లయితే, స్టాండ్‌బైలో ప్రయత్నించడమే మేలు.

స్టాండ్‌బైకి ఏ షో? క్రిస్మస్ వారం తప్పిస్తే, మామూలు రోజుల్లో ఆఖరి షోకి సీటు దొరికే అవకాశం ఎక్కువ. చిన్నపిల్లలతో వచ్చినవాళ్లు అప్పటికి వెళ్లిపోతారు. మొదటి షోకి ఒక లోటుంది. డిసెంబర్‌లో ఓర్లాండోలో సూర్యుడు ఐదున్నర ప్రాంతంలో దిగుతాడు. ఊరేగింపు వెలుతురులో జరుగుతుంది, కొవ్వొత్తుల కాంతి కనపడదు, చీకటి పడేసరికి సగం షో అయిపోతుంది. పెద్దవాళ్లకి తొందరగా పడుకునే అలవాటుంటే ఆ షో మంచిదే, చలి కూడా తక్కువ. కొవ్వొత్తుల అందం కోసమే వెళ్తే రెండోదో మూడోదో చూడండి. ఊరేగింపు దగ్గర్నుంచి చూడాలంటే నడవ పక్క సీటు, చెట్టు ఆకారం నిండుగా కనపడాలంటే మధ్య వరసల్లో కాస్త వెనక.

చలిని తేలిగ్గా తీసుకోకండి. ఫ్లోరిడానే కదా అని టీషర్టులతో వస్తారు. పగలు 22, 23 డిగ్రీలున్నా రాత్రికి 11, 12కి పడుతుంది, చలిగాలి వీచిన రోజు ఇంకా దిగుతుంది. థియేటర్ ఆరుబయట, పక్కనే నీళ్లు, కదలకుండా కూర్చోవడం. విజయవాడ నుంచి వచ్చిన అమ్మకి శాలువా, సాక్సులు తప్పనిసరి. బెంచీ చల్లగా ఉంటుంది, మడిచి వేసుకోవడానికి ఒక దుప్పటి ముక్క ఉంటే హాయి. లైనులోకి వెళ్లేముందే అందరూ రెస్ట్‌రూముకి వెళ్లి రండి, అమెరికన్ పెవిలియన్‌లోనే ఉన్నాయి.

ఇదంతా చదివాక మన ఇంటికి కాదనిపిస్తే బాధపడక్కర్లేదు. అదే పెవిలియన్ లోపలి గుండ్రటి హాల్లో వాయిసెస్ ఆఫ్ లిబర్టీ బృందం వాయిద్యాలేమీ లేకుండా పాడుతుంది. ఒక్కో విడత పదిహేను నిమిషాల లోపే, లోపల చలి లేదు, పిల్లలు నేలమీద కూర్చోవచ్చు. ఆ గోపురం కింద నాలుగు శ్రుతులు కలిసే తీరు వినితీరాలి, దీన్ని చాలామంది పట్టించుకోకుండా దాటిపోతారు. ఇటుపక్క ఇటలీలో బెఫానా ముసలమ్మ, అటుపక్క జపాన్‌లో దరుమ బొమ్మలమ్మే మనిషి వాళ్ల దేశాల పండగ కథలు చెప్తారు. ఐదేళ్ల పిల్లకి అవే ఎక్కువ అందుతాయి.

కుటుంబం రెండుగా విడిపోవడానికి కూడా సంకోచించకండి. పాట ఇష్టమున్న ఇద్దరు షోలో కూర్చుంటే, మిగతావాళ్లు పిల్లల్ని రైడ్లకి తిప్పొచ్చు. ముందే ఒక చోటు అనుకోండి, జపాన్ పెవిలియన్ ముందు ఎర్ర తోరణం అయితే ఎవరికైనా కనపడుతుంది. షో వదలగానే జనమంతా ఒక్కసారి ప్రొమెనేడ్ మీదకి వస్తారు, ఆ రద్దీలో ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. ఆఖరి షో అయితే దాదాపు అప్పుడే సరస్సు మీద బాణసంచా మొదలవుతుంది. గేటు వైపు పరుగెత్తకుండా ఉన్నచోటే ఒడ్డున నిలబడి చూసి, జనం పలచబడ్డాక కదలండి. స్కైలైనర్ కేబుల్ కారులోనో, బోర్డ్‌వాక్ వైపు హోటల్‌కో వెళ్లేవాళ్లు ఫ్రాన్స్ పక్కనున్న ఇంటర్నేషనల్ గేట్‌వే నుంచి బయటపడొచ్చు. కారు మెయిన్ పార్కింగ్‌లో ఉంటే మాత్రం పార్కంతా దాటాలి, నిద్రపోయిన పిల్లని ఎవరు ఎత్తుకోవాలో ముందే మాట్లాడుకోండి.