సైట్లు మూస్తారు సరే, అకౌంట్లు అద్దెకిచ్చేవాళ్ల సంగతో?

మామూలు బ్రౌజర్‌కి కనపడని డార్క్ వెబ్ సైట్లన్నీ బ్లాక్ చేస్తే సైబర్ నేరాల పీడ సగం వదులుతుందని ఎవరో రాశారు. నాకు నమ్మకం లేదు. 2013 అక్టోబర్‌లో ఎఫ్‌బీఐ వాళ్లు సిల్క్ రోడ్ అనే డార్క్ వెబ్ డ్రగ్స్ బజారు నడిపే రాస్ ఉల్‌బ్రిక్ట్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక లైబ్రరీలో, ల్యాప్‌టాప్ తెరిచి ఉండగానే పట్టుకున్నారు. నెలా పదిరోజులు తిరక్కుండానే సిల్క్ రోడ్ 2.0 లేచి కూర్చుంది. అసలు తెలివంటే డచ్ పోలీసులది. 2017లో అలాంటిదే హన్సా అనే బజారును చేజిక్కించుకుని, మూయకుండా నెలరోజుల పాటు గుట్టుగా తామే నడిపారు. అదే సమయంలో ఆల్ఫాబే అనే ఇంకో బజారు మూతపడింది. అక్కడి బేరగాళ్లు చాలామంది పరుగెత్తుకొచ్చి నేరుగా వీళ్ల వలలోనే పడ్డారు. మాటు వేయడమంటే అదబ్బా!

మన దగ్గర ఆ సైట్లు తెరిచే టోర్ బ్రౌజర్, అక్కడ చెల్లించే బిట్‌కాయిన్ దాకా పోనక్కర్లేదు. మా కావలిలో పెదనాన్న మనవడు, డిగ్రీ చదివే పిల్లోడు, ఫోన్లో పరిచయమైన ఎవడికో తన ఏటీఎం కార్డు, పాస్‌బుక్, సిమ్ము ఇచ్చేశాడు. అయిదు వేలకి! రెండు వారాలకి అకౌంట్ ఫ్రీజ్. ఎవరిదో కొట్టేసిన డబ్బు దాంట్లో పడి, అటే పోయిందంట. కేసేమో వేరే రాష్ట్రంలో. నోటీసు హిందీలో వస్తే, మా పెదనాన్న దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని, రిటైరైన హిందీ పండితుడి ఇంటికి పోయి చదివించుకున్నాడు. "నేనేం దొంగతనం చేశా తాతా, కార్డేగా ఇచ్చింది" అంటాడు వాడు. నిజంగానే వాడికి అర్థం కాలా.

డబ్బు పోగొట్టుకున్నోళ్లకి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 ఉంది. వీడు ఎవరికి ఫోన్ చేయాలి? వచ్చే సోమవారం వాణ్ణి వెంటబెట్టుకుని కేసు పెట్టిన ఊరికి నేనే పోవాల. ఇంకా టికెట్లు దొరకలా.