తాతగారు బకెట్ తన్నారు, మూడ్రోజులు లీవ్ కావలెను

మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు, వాళ్ళ తాతగారు పోతే కాలేజీకి లీవ్ లెటర్ రాశాడు. ముందు అందరిలాగే ఎక్స్‌పైర్డ్ అని రాసి, ఇదేంటి మాత్రల షీటు మీద ముక్కలా ఉంది అని డౌటొచ్చి, ఫోన్లో సినానిమ్స్ వెతికి, వాటిల్లో కాస్త దర్జాగా కనపడింది ఏరుకుని "మై గ్రాండ్‌ఫాదర్ కిక్డ్ ద బకెట్" అని పెట్టేశాడు.

వాణ్ణేమీ అనను. తప్పంతా పీటర్ మార్క్ రోజే అనే దొరది. వృత్తికి డాక్టరు, 1805లో మాటల లిస్టు మొదలెట్టి 1852లో థిసారస్ అచ్చేయించాడు, అంటే నలభై ఏడేళ్ళు కూర్చుని దగ్గర దగ్గర అర్థాలున్న మాటలన్నిట్నీ ఒక్కో గదిలోకి తోలాడు. మనోళ్ళకేమో ఒకే గదిలో ఉన్నారంటే అందరూ వియ్యంకులే. ఆ బకెట్ చూడబోతే 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ వేసిన మోటు మాటల నిఘంటువులోదాయె. అసలు తన్నేది ఏ బకెట్టో దొరలకే ఇప్పటికీ తేలలేదు.

పోనీ మనకి ఈ తేడాలు తెలీవా అంటే, అబ్బో. స్వామీజీ అయితే శివైక్యం చెందుతారు, మంత్రిగారు దివంగతులవుతారు, పెదనాన్న కాలం చేస్తారు, పక్కింటాయన పోతాడు, మనకి బాకీ ఉన్నవాడు మాత్రం టపా కట్టేస్తాడు. బాల్చీ తన్నేయడం మనకీ ఉంది, కానీ బాల్చీ తన్నినోడికి 'గారు' తగిలించం, ఇది ఏ కోచింగ్‌లో చెప్పారు మనకి? డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం, దీపం ఆరితే కొండెక్కిందంటాం (ఈ లెక్కన నెలాఖరుకి నా ఖాతా కూడా నిండుకుంటుంది), ఇంత మర్యాదస్తులం ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి బకెట్లు తంతున్నాం.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం ఏంటంటే సినానిమ్స్‌కి కూడా ఆర్టీఓ ఆఫీసులో లైసెన్సులివ్వాలి. పాస్డ్ అవే అంటే గేర్లు లేని స్కూటీ, ఎవరైనా నడపొచ్చు. డైడ్ అంటే గేర్ల బండి. బకెట్ మాత్రం హెవీ వెహికల్, ఎనిమిది కొట్టి చూపిస్తేగానీ ఇవ్వకూడదు.

ఇంతకీ ఆ లీవ్ లెటర్ ఇంగ్లీష్ సార్ దగ్గరికే వెళ్ళింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, రెండుసార్లు చదివి, ఎర్ర పెన్ను తీసి, బకెట్ స్పెల్లింగ్‌లో చివర రెండు టీలు రాశావు ఒకటే ఉండాలి అని కొట్టేసి, లీవ్ సాంక్షన్ చేశారు.