పొగ మానేవాళ్లు తడబడేది ఎక్కడ?

సిగరెట్ మానాలని గట్టిగా అనుకున్న మనిషి మెడికల్ షాపులో నికోటిన్ గమ్ కొంటాడు. టీ తాగిన వెంటనే ఒకటి నోట్లో వేసుకుని బబుల్‌గమ్‌లా గబగబా నమిలేస్తాడు. గొంతులో మంట, ఎక్కిళ్లు, కడుపులో తిప్పడం. రెండో రోజుకే 'ఇది నాకు పడలేదు' అని పక్కన పడేస్తాడు. నాలుగో రోజు మళ్లీ సిగరెట్. ఇంట్లోవాళ్లు అతనికి పట్టుదల లేదంటారు. అతనూ అదే నమ్ముతాడు. ఆ మాట అన్యాయం. మందు వాడిన తీరులోనే తప్పుంది, దాన్ని అతనికి నేర్పినవాళ్లు లేరు.

గమ్‌లోని నికోటిన్ బుగ్గ లోపలి పొర గుండా రక్తంలోకి చేరాలి. ఉమ్మితో పాటు మింగేస్తే కడుపులోకి, అక్కణ్నుంచి కాలేయానికి పోతుంది. చాలా భాగం అక్కడే విరిగిపోతుంది. మనిషికి మిగిలేది ఎక్కిళ్లూ వికారమే. టీ, కాఫీ, కూల్‌డ్రింక్, నిమ్మరసం తాగిన నోట్లో పులుపు ఉంటుంది. ఆ పులుపులో బుగ్గ నికోటిన్‌ను సరిగా పీల్చుకోదు. అందుకే గమ్‌కు 15 నిమిషాల ముందు నుంచీ, అది నోట్లో ఉన్నంతసేపూ మంచినీళ్లు తప్ప ఏమీ తాగకూడదు. పది పదిహేను సార్లు మెల్లగా నమలాలి. మిరియం కొరికినట్టు ఘాటు తగలగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గితే మళ్లీ కాస్త నమిలి, ఈసారి రెండో వైపు పెట్టుకోవాలి. ఇలా అరగంట.

ఇక మోతాదు. నిద్ర లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించేవాళ్లకు 4 మిల్లీగ్రాముల గమ్ కావాలి. ఆ తర్వాత వెలిగించేవాళ్లకు 2 సరిపోతుంది. షాపులో చీటీ లేకుండా ఇచ్చేది 2 మిల్లీగ్రాములదే. దాంతో బాగా ముదిరిన అలవాటున్నవాళ్లే చాలీచాలని మోతాదుతో మొదలుపెడతారు. పైగా ఇక తట్టుకోలేం అన్నప్పుడే గమ్ తీస్తారు. సిగరెట్ పొగ పీల్చిన 10–20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది, గమ్‌కు నిమిషాలు పడుతుంది. అందుకే కోరిక పుట్టకముందే నోట్లో ఉండాలి: మొదటి ఆరు వారాలు గంటకో, రెండు గంటలకో ఒకటి, రోజుకు కనీసం 9. ఏ రోజూ 24 దాటకూడదు. ఏడో వారం నుంచి తగ్గించుకుంటూ 12 వారాలకు ఆపాలి.

రోజుకు పదికి మించి తాగేవాళ్లు 21 మిల్లీగ్రాముల ప్యాచ్ (చర్మం గుండా నికోటిన్ ఇచ్చే పట్టీ) అంటించుకుని, కోరిక లేచే వేళకు గమ్ కూడా వాడితే, ఏదో ఒక్కటే వాడినదానికంటే బాగా పనిచేస్తుంది. ప్యాచ్ రోజూ కొత్త చోట, వెంట్రుకలు లేని పొడి చర్మం మీద అంటించాలి. పీడకలలు వస్తే పడుకునేముందు తీసేయవచ్చు. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు ముందుగా డాక్టర్‌ను అడగాలి.

మన దగ్గర లెక్క తప్పేది ముఖ్యంగా బీడీతో. 2016–17 జాతీయ సర్వేలో సిగరెట్ తాగే పెద్దలు 4 శాతమైతే, బీడీ తాగేవాళ్లు 7.7 శాతం. తునికాకు గుండా గాలి సరిగా ఆడదు. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే ఊపిరి నిండా, మాటిమాటికీ లాగాలి. సన్నటి బీడీయే కదా అని తక్కువ మోతాదు ఇస్తే మనిషి మూడో రోజు దాటడు. ఎన్ని బీడీలు అని లెక్కపెట్టేకన్నా, లేచాక ఎంతసేపటికి వెలిగిస్తున్నారని అడగడమే మంచి కొలత. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ (చుట్టను తిప్పి, వెలిగే కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం) తాగే పెద్దావిడలకు పళ్లు కదిలిపోయి ఉంటే గమ్ కుదరదు, ప్యాచే నయం. నిప్పు నోటి లోపల ఉంటుంది కాబట్టి వాళ్ల అంగిలిని కూడా డాక్టర్‌కు చూపించి తీరాలి.

టీ సంగతి చాలామంది డాక్టర్లు కూడా చెప్పరు. పొగలోని కొన్ని పదార్థాల వల్ల కాలేయం కెఫీన్‌ను వేగంగా విరగ్గొడుతుంది. పొగ మానగానే ఆ వేగం పడిపోతుంది. రోజూ తాగే నాలుగు టీలే ఇప్పుడు ఎక్కువైపోతాయి. చేతుల వణుకు, గుండెదడ, నిద్రలేమి. ఇదంతా సిగరెట్ లేక వచ్చిందనుకుని మళ్లీ వెలిగిస్తారు. మానిన రోజు నుంచే టీ, కాఫీ సగానికి తగ్గించాలి. ఇదే కారణంతో మానసిక వ్యాధులకు క్లోజపిన్, ఒలాంజపిన్, ఉబ్బసానికి థియోఫిలిన్ మందులు వాడేవాళ్లు మానబోయే తేదీని డాక్టర్‌కు ముందే చెప్పాలి.

చిరాకు మొదటి రెండు మూడు రోజుల్లో బాగా ముదిరి, మూడు నాలుగు వారాల్లో నెమ్మదిస్తుంది. ఆకలి, మలబద్ధకం ఇంకొంత కాలం ఉండవచ్చు. మధ్యలో ఒక సిగరెట్ తాగేశామని ప్యాచ్ పీకేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ప్యాచ్ అలాగే ఉంచి, ఏ వేళ, ఎవరి పక్కన కాలు జారిందో చూసుకోవాలి. ప్యాచ్‌తోనూ ఆగనివాళ్లకు వరెనిక్లిన్ మాత్రలున్నాయి. మానే తేదీకి వారం ముందు మొదలుపెట్టి, తిన్నాక గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి.

ప్యాకెట్ మీద అచ్చేసిన 1800-11-2356 నంబరుకు చేస్తే ఉచితంగా కౌన్సెలింగ్ దొరుకుతుంది. కానీ కూలి డబ్బుతో బతికే బీడీ మనిషి 12 వారాల గమ్ ఎక్కడ కొంటాడు? నికోటిన్ మందులు 2022 జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో చేరాయి. ఆశా కార్యకర్త 30 ఏళ్లు దాటినవాళ్లకు నింపే పత్రంలో పొగాకు ప్రశ్న ఉండనే ఉంది. దానికి అవునన్న ప్రతి మనిషికీ, ప్రభుత్వ ఆసుపత్రిలో బీపీ మాత్రలిచ్చే కిటికీలోనే ప్యాచ్, తగిన మోతాదు గమ్ ఇవ్వాలి. ఎలా నమలాలో అక్కడే నమిలించి చూపాలి.