వేడి యోగశాలకు వెళ్ళేవారికి, వెళ్ళవద్దన్నవారికి

అమెరికాలోని మన తెలుగు సంఘం మొన్నటి సర్వసభ్య సమావేశంలో, వచ్చే ఏడాది నుంచి అంతర్జాతీయ యోగా దినోత్సవాన్ని వేడి గదుల యోగా స్టూడియోలలో జరపరాదనీ, గుడి హాలులో మనవాళ్ళ ఆధ్వర్యంలోనే జరపాలనీ చేతులెత్తి తీర్మానించుకున్నాం. నేను చేయి ఎత్తలేదు. కారణం చెప్పబోతే పిల్లల నృత్య ప్రదర్శనకు ఆలస్యమవుతోందంటూ మైకు వెనక్కి తీసుకున్నారు కనుక, ఆ కారణాన్ని మన పత్రికలోనే రాస్తున్నాను.

ఈ ఏడాది, యోగా దినోత్సవమైన జూన్ 21కి ముందు వచ్చిన శనివారం ఉదయం అలాంటి ఒక వేడి యోగా స్టూడియోవారు తమ గదిని మనకోసం ప్రత్యేకంగా కేటాయించారు. తరగతికి పదిహేను నిమిషాల ముందే చేరుకోవాలని, ఫోన్లు, చెప్పులు బయటే వదలాలని, మొదలైన తరువాత తలుపు తీయరని, కడుపు నిండా తిని రావద్దని, రక్తపోటు, గుండె జబ్బు, గర్భం వంటివి ఉంటే ముందే చెప్పాలని వారు పంపిన ఉత్తరాన్ని మన వాట్సాప్ గ్రూపులో పెట్టారు. దాని కింద వచ్చిన ప్రశ్నలన్నీ పార్కింగు గురించే. ఆ ఉదయం సగం మంది మాత్రమే వేళకు వచ్చారు. మిగిలినవారు అద్దాల తలుపు అవతల నిలబడి, లోపలున్న బంధువులకు సైగలు చేస్తూ, చివరకు తలుపు తట్టడం మొదలుపెట్టారు.

లోపల ఆ గురువు, చాలా ఏళ్ళుగా సాధన చేస్తున్న అమెరికన్ మహిళ, కళ్ళు మూసుకుని మూడుసార్లు ఓంకారం పలికించబోయింది. మొదటిసారికే వెనుక వరుసలో కిసుక్కుమన్నారు. రెండోసారి ఎవరి ఫోనులోనో సుప్రభాతం మోగింది. సూర్య నమస్కారాలు మొదలయ్యాక మన సంఘం పెద్దలు ఒకరు పక్కనున్నాయనతో, గది అంతటికీ వినబడేలా, "ఏమండీ, ఇది కూడా ఈవిడే మనకు నేర్పాలా?" అన్నారు. ఆమెకు తెలుగు రాకపోయినా స్వరం అర్థమైనట్టే ఉంది. ఆయన చాప పక్కకు వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, తరగతి అయ్యాక మాట్లాడుకుందామని మెల్లగా చెప్పింది. ఆయనకు అది అవమానమయింది. ఇంతలో రక్తపోటు మందు వేసుకుంటున్న ఒక పిన్నిగారు ముందుకు వంగి లేస్తూనే కళ్ళు తిరిగి కూలబడ్డారు. గురువు ఆమెను చల్లటి హాలులోకి నడిపించి, పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తుగా పెట్టించి, తన సహాయకురాలిని దగ్గర కూర్చోబెట్టి వచ్చింది. కొద్దిసేపటికే పిన్నిగారు తేరుకుని, ఫోటోలో తాను లేకపోతే ఎలా అని అడిగారు.

ఆ ఫోటో సంగతి కూడా చెప్పాలి. తరగతి ముగిసీ ముగియగానే, ఆమె ముఖం తుడుచుకునేలోపే, ఆ వేడి గదిలోనే, చెమటతో తడిసిన భుజాల మీద జరీ అంచు శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి, కార్యవర్గమంతా వరుసగా నిలబడ్డాం. ఆమె శాలువా జారకుండా ఒక చేత్తో పట్టుకుని, అందరి ఫోన్లలో ఫోటోలు వచ్చేదాకా కదలకుండా నిలబడింది. సాయంత్రానికి వాట్సాప్‌లో తిట్లు మొదలయ్యాయి: మన విద్యను మనకే అమ్ముతున్నారని, ఆ వేడి ఏ శాస్త్రంలో ఉందని, పెద్దాయనను చిన్నబుచ్చారని.

వేడి శాస్త్రంలో లేదన్న మాట నిజం. పదిహేనో శతాబ్దం నాటిదిగా భావించే యోగ గ్రంథం హఠయోగ ప్రదీపిక, సాధకుడి కుటీరం చుట్టూ ధనుస్సంత మేర రాళ్ళు, నిప్పు, నీరు ఉండకూడదని చెబుతుంది. శ్రమవల్ల పుట్టిన చెమటను ఒంటికే మర్దించుకోమంటుంది. అంటే వేడి లోపలి నుంచి పుట్టాలి తప్ప గోడకు బిగించిన హీటరు నుంచి కాదు. అయితే ఆ హీటరును యోగాకు తగిలించినది అమెరికన్లు కాదు. కలకత్తాలో యోగా గురువు బిష్ణుచరణ్ ఘోష్ దగ్గర నేర్చుకుని, 1970ల నుంచి అమెరికాలో ప్రచారం చేసిన బిక్రమ్ చౌధురి మనవాడే. 26 ఆసనాలు, రెండు శ్వాస అభ్యాసాలు, 105 డిగ్రీల ఫారెన్‌హీట్, 40 శాతం తేమ, 90 నిమిషాలు అన్న కొలతలు ఆయనవే. ఆ వరుస తన సొత్తని కోర్టుకెళ్ళిందీ ఆయన సంస్థే. దానికి కాపీరైటు వర్తించదని 2015లో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు తేల్చింది. 2016లో లైంగిక వేధింపుల కేసులో జ్యూరీ ఆయనకు వ్యతిరేకంగా తీర్పునిచ్చాక చాలా స్టూడియోలు ఆయన పేరు తీసేసి, వేడిని మాత్రం ఉంచుకున్నాయి. యోగాను పాడుచేశారని పరాయివాళ్ళను తిట్టే ముందు మనం ఈ చరిత్రను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వెళ్ళదలచినవారు ఏమి ఊహించుకోవాలో చెబుతాను. గది 95 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. తేమ కూడా పెంచితే తలుపు తీయగానే ఊపిరి బరువవుతుంది. శరీరం చల్లబడటానికి రక్తం చర్మం వైపు మళ్ళుతుంది కనుక, కదలకుండా నిలబడినా గుండె వేగంగా కొట్టుకుంటుంది. చాప మీద పరుచుకోవడానికి పెద్ద తువ్వాలు లేకపోతే చేతులు జారిపోతాయి. నీళ్ళు తరగతిలో గటగటా తాగడం కంటే ముందు రోజు నుంచే తాగుతూ ఉండటం మేలు. వేడికి కండరాలు సాగినట్టు అనిపించి, ఎన్నడూ అందని కాలి వేళ్ళు అందుతాయి. మర్నాడు తొడ వెనుక కండరం పట్టినప్పుడు గాని అతి చేశామని తెలియదు. చెమటతో విషాలు పోతాయని కొందరు గురువులు చెప్పే మాటను నమ్మనక్కరలేదు, ఆ పని కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి. వెయ్యి కేలరీలు కరుగుతాయన్న ప్రచారం కూడా అలాంటిదే: కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కొలిస్తే, 90 నిమిషాల తరగతికి సగటున స్త్రీలకు సుమారు 330, పురుషులకు సుమారు 460 కేలరీలే తేలాయి.

గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవారు, రక్తపోటుకు గాని ఒంట్లో నీరు తగ్గడానికి గాని మందులు వాడేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు వైద్యుడిని అడగకుండా ఆ గదిలో అడుగు పెట్టరాదు. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, ఉన్నట్టుండి చలి వేసినా, గది విడిచి వెళ్ళకూడదనే నియమం ఉన్న చోట కూడా లేచి బయటకు వచ్చేయాలి. అలాంటి నియమం పెట్టే స్టూడియోలంటే నాకు గౌరవం లేదు. మేము వెళ్ళిన చోట అది లేదు.

ఇక ఆధ్యాత్మికత మాట. ఇలాంటి స్టూడియోలలో దీపాలు తగ్గించి, కొవ్వొత్తులు వెలిగించి, గురువు మొదట యోగసాధకుడి నడవడికి సంబంధించిన యమ నియమాలలో ఒకదాని గురించి, అహింస అనో సంతోషం అనో, కొన్ని నిమిషాలు మాట్లాడతారు. కొన్నిచోట్ల హార్మోనియం మీద కీర్తన, కొన్నిచోట్ల కంచు గిన్నె నాదం ఉంటుంది. చేత్తో తాకి ఆసనం సరిదిద్దడం ఇష్టమో కాదో ముందే అడుగుతారు. చివర శవాసనం, నుదుటి మీద తడి గుడ్డ, చేతులు జోడించి నమస్కారం. ఇందులో కొంత అతుకుల బొంత ఉందన్నది నేనూ ఒప్పుకుంటాను. ముందు గదిలో అమ్మకానికి పెట్టిన బిగుతు పాంట్ల పక్కన వినాయకుడి విగ్రహం, కాళ్ళతో తొక్కే చాప మీద ఓంకారం చూసినప్పుడు నాకూ మనసు చివుక్కుమంది. ఆ ఫిర్యాదు న్యాయమైనదే.

కానీ మరో వైపు చూడండి. అలబామా రాష్ట్రంలో 1993 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో యోగాను నిషేధించారు. 2021లో ఆ నిషేధం ఎత్తివేస్తూ చేసిన చట్టం కూడా ఆసనాలకు ఇంగ్లీషు పేర్లే ఉండాలని, మంత్రం వద్దని, నమస్తే అనరాదని షరతులు పెట్టింది. అప్పుడు మన గ్రూపులన్నీ భగ్గుమన్నాయి. యోగా నుంచి హిందూ మూలాలను తీసేస్తున్నారని ఎంతమంది ఆవేదన చెందారో గుర్తుంది. ఇక్కడ ఒక అమెరికన్ స్త్రీ ఏ చట్టమూ అడగకపోయినా ఓంకారాన్ని ఉంచుకుంటే, యమ నియమాలను మన పిల్లలకంటే వివరంగా చదువుకుంటే, ఆమె ఉచ్చారణకు నవ్వినవాళ్ళం మనమే. తీసేసినా కోపమే, ఉంచినా ఎగతాళే అయితే ఆమె ఏం చేయాలి? మరుసటి ఏడు ఓంకారం మానేసి వ్యాయామం మాత్రం చేయిస్తే, అప్పుడు కూడా మనం ఒక తీర్మానం చేస్తాం.

నేను రెండు పక్షాలనూ తూకం వేయాలనే కూర్చున్నాను. గుడి హాలు వద్దని నేననడం లేదు. మోకాళ్ళ నొప్పులున్నవారికి, పిన్నిగారి వంటివారికి అదే సరైన చోటు. ప్రాణాయామం తెలిసిన పెద్దలు మనలో ఉన్నారు, వారు నేర్పితే నేనూ ముందు వరుసలో కూర్చుంటాను. అయితే ఆ హాలులో మన తరగతులు ఎలా సాగుతాయో మనకు తెలియనిదా? గంట ఆలస్యంగా మొదలై, జ్యోతి ప్రజ్వలన, స్వాగత వచనాలు, దాతల పరిచయం ముగిసేసరికి శవాసనానికి సమయం ఉండదు. మన పిల్లలు, ఇక్కడ పుట్టినవాళ్ళు, ఆ రోజు స్టూడియోలో మొదటి నుంచి చివరిదాకా నోరు మెదపకుండా సాధన చేశారు. వేళకు తలుపు మూసే గదిని మన సంఘంలో వాళ్ళు అంతకు ముందు చూసి ఉండరు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. వచ్చే జూన్‌లో రెండు తరగతులు పెడదాం: గుడి హాలులో వేడి లేనిది అందరికీ, స్టూడియోలోది వైద్యుడిని అడిగి వచ్చేవారికి. ఆరోగ్య ప్రశ్నలను తెలుగులో అచ్చువేసి, పేరు నమోదు చేసుకునేటప్పుడే నింపించుకుందాం. వీలైతే గదిని 90 డిగ్రీలకు తగ్గించమని అడుగుదాం. విగ్రహం గురించి, చాపల మీది ఓంకారం గురించి ఆమెతోనే నేరుగా మాట్లాడదాం. వినే మనిషిలాగే కనబడింది. సన్మానం తప్పదంటే, ఆమె బట్టలు మార్చుకున్న తరువాత బయటి హాలులో చేద్దాం.

తీర్మానాన్ని పునఃపరిశీలించమని కార్యదర్శిగారికి రాతపూర్వకంగా వినతి ఇస్తున్నాను. మన నియమావళి ప్రకారం దానిని బలపరిచే మరొక జీవిత సభ్యుని సంతకం కావాలి. ఆ రోజు గదిలో ఉండి, చేయి ఎత్తిన తరువాత మనసు మార్చుకున్నవారెవరైనా సరే, వచ్చే కార్యవర్గ సమావేశంలోపు నాకు ఫోన్ చేయండి.